మోటరు ముందర మనిషి

మొన్న చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మా మనవరాలు శ్రావణి నన్ను పట్నంలో పాత మోటర్ల పందేనికి తీసుకుపోయింది. నేనూ పాత బండినే కాబట్టి టికెట్టు లేకుండానే లోపలికి పంపిస్తారేమో అనుకున్నాను గాని, గేటు దగ్గరి అబ్బాయి నన్ను మర్యాదగా చూసి, టికెట్టును మాత్రం అంతకంటే శ్రద్ధగా చూశాడు. హుస్సేన్ సాగర్ పక్క రోడ్లన్నీ మూసేసి, రెండు దిక్కులా ఇనుప జాలీలు కట్టి, మలుపుల్లో అరిగిపోయిన టైర్లు పేర్చి, మామూలు రోజుల్లో సిటీ బస్సులు ఒకదాన్నొకటి గీరుకుంటూ పోయే బాటను పందెపు బాటగా మార్చారు. నా వయసున్న మోటర్లు, నాకంటే పెద్ద మోటర్లు, తళతళ తుడిపించుకొని వరుసగా నిలబడి ఉన్నాయి. మొదటి బండి గుర్రుమని కదిలి, మా ముందు నుంచి పోయి, వెనక ఒక నీలం పొగ తెర వదిలింది. ఆ పొగ ముక్కుకు తగిలేసరికి నా చెయ్యి దానంతటదే పోయి శ్రావణి చున్నీ కొసను పట్టుకుంది.

"అమ్మమ్మా, గీ పాత రేసు బండ్ల ఇంజన్లల్ల ఆముదం పోస్తరు తెలుసా?" అంది పిల్ల, నాకొక కొత్త సంగతి చెబుతున్న సంబరంతో. "గందుకే గిట్ల వాసనొస్తది."

కాలిన ఆముదం వాసన నాకు తెలియకపోవడమేమిటి! కాకపోతే మా ఊళ్ళో ఆముదం మోటరుకు పోసేవాళ్ళు కాదు. మోటరు ముందర ఉరికే మనిషి కాళ్ళకు రాసేవాళ్ళు. ఆ మనిషి మా బాపు.

మా ఊరు తిరుమలగిరి దిక్కున, ఎర్ర చెలకల నడుమ, ఏనుగుల మంద కూర్చున్నట్టు నల్లరాళ్ళ గుట్టలున్న జాగాలో ఉండేది. వానలు బాగా పడితే పచ్చజొన్న, సరిగా పడకపోతే ఆముదం, అసలే పడకపోతే పస్తు. మా ఇంటికి భూమే లేదు కాబట్టి మొదటి రెండు పంటలూ ఇతరులవి, మూడోది మాత్రం మాకూ పండేది. చలికాలం వస్తే ఊరంతా ఆముదపు గెలలు ఎండబోసేవాళ్ళు. ఎండకు కాయలు చిటచిట పగిలి, గింజలు ఎగిరి మా పిల్లల వీపుల మీద పడేవి. కూలికి పోయిన చోట ఇచ్చిన రెండు దోసిళ్ళ గింజలు తెచ్చి మా అవ్వ, బాపు తల్లి, మంగలంలో వేయించి, రోట్లో దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి పొద్దంతా ఉడికించేది. పైకి తేలిన నూనెను చిప్పతో తీసి గురిగిలో పోసుకొని, సందెవేళకు బాపును గడప మీద కూర్చోబెట్టి ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకునేది. అవ్వ బాపుతో మాట్లాడేది తక్కువ, బాపు కాళ్ళతో మాట్లాడేది ఎక్కువ. "నా అయ్య గద, నా తండ్రి గద, రేపొక్క దినం ఆగున్రి, ఎల్లుండి ఇంట్లనే ఉంటరు," అని పిక్కలు పిసుకుతూ దూడలను బుజ్జగించినట్టు బుజ్జగించేది. పాదాల కింద పగుళ్ళలో నా చిటికెన వేలు పట్టేది. పట్టేదని నాకెట్లా తెలుసంటే, పెట్టి చూశాను కాబట్టి.

ఊరి దొర గడప దాటితే ఆయన ముందు ఒక మనిషి ఉరకాలి. అది వెట్టి పని. దానికి కూలి ఉండదు, కాదనడం ఉండదు. దొర తండ్రి మేనాలో తిరిగిన రోజుల్లో మా తాత మేనా ముందర ఉరికాడు. దొర గుర్రం ఎక్కిన రోజుల్లో బాపు గుర్రం ముందర ఉరికాడు. తర్వాత దొర పట్నం నుంచి నల్లటి మోటరు కొనుక్కొచ్చాడు. దాని ముందు దీపాలు రెండూ ఉబ్బుకొని ఉండేవి కాబట్టి పిల్లలం దాన్ని కప్పకండ్ల మోటరు అనేవాళ్ళం. మోటరు వచ్చింది గాని పద్ధతి పోలేదు. పొలిమేర నుంచి దొర ఉండే గడి దాకా, బాపు చేతిలో కట్టె పట్టుకొని, "జరుగున్రి, జరుగున్రి, దొర మోటరొస్తాంది," అని ఒర్రుకుంటూ ముందు ఉరికితే, వెనక మోటరు రావాలి. మనిషి వెనకబడి మోటరు ముందుకు వచ్చిందంటే, దొర దిక్కులేనోని లెక్క ఒంటరిగా వచ్చినట్టు. అది దొరకు తలవంపు, బాపుకు వీపు వాపు. పరుగుకూ పరువుకూ నడుమ ఒక్క అక్షరమే తేడా అని తర్వాత బడిలో పిల్లలకు చెప్పి నవ్వించేదాన్ని. మా ఊళ్ళో ఆ రెంటినీ ఇద్దరు పంచుకున్నారు, ఒకటి దొరకు, ఒకటి బాపుకు.

అయినా బాపు అన్నేళ్ళు బతికాడంటే అది మదారు పుణ్యం. మదారు దొర డ్రైవరు. పట్నం మనిషి, సన్నగా, గడ్డానికి గోరింటాకు పెట్టుకొని, మాటకు ముందు దగ్గేవాడు. మోటరును ఆయన ఎప్పుడూ బాపు కాళ్ళను చూసి నడిపేవాడు. వాళ్ళిద్దరికీ నడుమ హారను భాష ఒకటి ఉండేది. దొర వెనక సీట్లో కునుకు తీస్తుంటే మదారు రెండుసార్లు పొట్టిగా పోం, పోం అనిపించేవాడు: మెల్లగ పో, ఊపిరి తీసుకో. దొరకు మెలకువ వస్తే ఒక్కటే పొడుగు మోత: ఉరుకు. ఈ సంగతి దొరకు తెలియదు, మా వాడ మొత్తానికి తెలుసు. గుడిసెలో గంజి తాగుతూ మా అమ్మ చెవులు అటు పెట్టేది. పొట్టి మోతలు రెండు వినిపిస్తే, "అల్లా ఆ మదారును సల్లగ సూడాలె," అని ముంత మళ్ళీ ఎత్తేది. పొడుగు మోత అయితే ముంత కింద పెట్టేది, అది ఆగిందాకా ముట్టేది కాదు.

నేను మాత్రం ఆ మోటరును ప్రేమించాను. ఇది ఒప్పుకోవడానికి నాకు డెబ్బై ఏళ్ళు పట్టింది. దాని వెనక పెట్రోలు వాసన పట్టుకొని వీధి చివరి దాకా పోయేదాన్ని. మా వాడ పిల్లలం మోటరాట ఆడేవాళ్ళం. ఇద్దరు చేతులు పట్టుకుంటే మోటరు, నడుమ ఒకడు దొర, ముందర ఒకడు మా బాపు. దొర వేషం ఎవరికీ నచ్చేది కాదు, ఊరికే కూర్చోవాలి కాబట్టి. అందరికీ మా బాపు వేషమే కావాలి. నా సొంత బాపు వేషం నాకు ఒక్కనాడూ దొరకలేదు. కాళ్ళు పొట్టివి, గొంతు పెద్దది అని నన్ను హారనుగా పెట్టేవాళ్ళు. ఆ ఉద్యోగం నేను ఎంత శ్రద్ధగా చేసేదాన్నంటే, మా మేక కూడా నా గొంతు వింటే పక్కకు జరిగేది.

నాకు ఆరేడేళ్ళప్పటి దసరా అది. పెత్రమాస అమావాస్యకు ముందు నుంచే వానలు ఆగిపోయి, తంగేడు విరగబూసి, ఆడవాళ్ళు తొమ్మిదినాళ్ళు బతుకమ్మ ఆడి, సద్దుల నాడు సజ్జ మలీద ముద్దలు పంచి, ఆ బెల్లం జిగట ఇంకా నా వేళ్ళ సందున ఉన్న రోజు. దొర బామ్మర్ది పట్నం నుంచి కొత్త మోటరులో వచ్చాడు. అది కుంకుమ రంగుది, పొట్టిది, పైకప్పు లేనిది. గడి ముందు రెండు మోటర్లూ పక్కపక్కన నిలబడితే ఊరంతా చేరింది. బామ్మర్ది కప్పకండ్ల మోటరు చుట్టూ ఒకసారి తిరిగి, "బావా, నీ మోటరు నడుస్తదా, దేకుతదా?" అన్నాడు.

దొర ముఖం ఆ కొత్త మోటరు రంగుకు వచ్చింది. అక్కడికక్కడే పందెం కట్టాడు. గడి కాడ మొదలుపెట్టి, బజారు మీదుగా, కుమ్మరి వీధి మలుపు తిరిగి, చావడి చుట్టి మళ్ళీ గడికి. మూడు సుట్లు. ఎవడు ముందొస్తే వాని మోటరు మోటరు. బామ్మర్ది చేతులు రుద్దుకొని, "అయితే గీ ఉరికేటోన్ని పక్కకు జరుపు," అన్నాడు.

"మనిషి ముందర లేకుంట నా మోటరు గడి దాటది," అన్నాడు దొర.

"మనిషి ముందర ఉంటే మోటరెట్ల ఉరుకుతది బావా?"

"మనిషెంత ఉరికితే గంత."

బామ్మర్ది కాసేపు నవ్వి, తర్వాత ఆలోచించి, మనిషి లేకుండా తాను పోతే పరువు ఎవరిది పోతుందో లెక్క కుదరక, "నాకూ ఒకన్నియ్యి మరి," అన్నాడు. బాపు తమ్ముడు, మా చిన్నాయిన, అప్పటికి పెళ్ళి కూడా కాని పిల్లగాడు, ఆయనను గుంజి కుంకుమ రంగు మోటరు ముందు నిలబెట్టారు. అట్లా ఆ రోజు మా ఊళ్ళో జరిగిన మోటర్ల పందెంలో ఉరికినవి మోటర్లు కావు. ఒక తల్లి కన్న ఇద్దరు కొడుకులు, ఉత్త కాళ్ళతో.

మా అవ్వ నన్ను చంకనేసుకొని చావడి అరుగు మీద నిలబడింది. మొదటి చుట్టులో జనం కేకలు వేశారు, నేనూ వేశాను, హారను కూడా కొట్టాను. రెండో చుట్టుకు అన్నదమ్ములిద్దరూ భుజానికి భుజం కలిపి ఉరుకుతున్నారు, ఎవరూ ముందుకు పోకుండా, ఎవరూ వెనకబడకుండా. కూడబలుక్కోలేదు, కండ్లతోనే ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒకేసారి గడి చేరితే ఇద్దరికీ దెబ్బలు తప్పుతాయని వాళ్ళ ఆశ. వాళ్ళ వెనక రెండు మోటర్లు గుర్రుగుర్రుమంటూ, మూతికి చిక్కం కట్టిన ఎడ్ల లెక్క, నోరు తెరవలేక నడుస్తున్నాయి. మదారు రెండు పొట్టి మోతలు మోగించబోతే దొర వెనక నుంచి వంగి ఆయన చేతి మీద కొట్టి, తానే హారను పట్టుకొని పిసికాడు. అది పొడుగు మోత. ఆ మోత మూడో చుట్టు అంతా ఆగలేదు.

కుమ్మరి వీధి మలుపు దగ్గర గోడలు దగ్గరపడతాయి. ఒక్క మోటరే పడుతుంది, ఒక్క మనిషే ముందుండాలి. మొదటి రెండు చుట్లలో అక్కడ ఒకరి వెనక ఒకరు దూరి, దాటగానే మళ్ళీ కలిశారు గాని, మూడోసారి వెనక ఆ మోత ఉండగా ఆగి కలిసే వీలు లేదు. బాపుకు అప్పటికే నోటి వెంట నురుగు. చిన్నాయిన అన్నను ఒకసారి చూసి, అడుగు వెనక్కి వేశాడు.

దొర గెలిచాడు. బాపుకు ఇనాముగా ఒక ఎర్రంచు తువ్వాల ఇచ్చారు. చిన్నాయినను గడి ముందరి రాతి స్తంభానికి కట్టి కొట్టారు. కొట్టించింది ఓడిన బామ్మర్ది కాదు, గెలిచిన దొర. చుట్టాన్ని ఓడగొట్టిన వాడిని ఊరికే వదిలిపెడితే చుట్టానికి మర్యాద తక్కువవుతుందట. ఆ సందెవేళ అవ్వ గురిగి తెచ్చి పాదాలకు రాసే ఆముదం చిన్నాయిన వీపుకు రాసింది. బాపు కొత్త తువ్వాల తడిపి తమ్ముని వీపు మీద కప్పుతుంటే, చిన్నాయిన గోడ వైపు తిరిగి, "అన్నా, నేనింక ఎవని ముందర ఉరక," అన్నాడు. వారం తిరగకుండా ఆయన దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో కలిసి గుట్టల్లోకి పోయాడు.

సంఘం మా ఊరికి వచ్చింది. వెట్టి లేదన్నారు. గడి ముందు ఊరంతా కట్టెలు పట్టుకొని కూర్చుంటే దొర ఒకనాటి పొద్దున కప్పకండ్ల మోటరెక్కి పట్నం పోయాడు. ముందర మనిషి లేకుండా ఆ మోటరు పోవడం ఊరు చూసింది అదే మొదటిసారి. మదారు మా వాడ మలుపు దగ్గర పొట్టిగా రెండుసార్లు మోగించిపోయాడు. ఆ తర్వాత రజాకార్లు వచ్చి రెండుసార్లు మా వాడ కాల్చారు. తాటాకులు మళ్ళీ కప్పుకున్నాం, మళ్ళీ కాల్చారు. అవ్వ ఆ రెండోసారి తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఆ దినాల్లో మేము తిన్నది గునుగాకు, బలుసాకు. వాటిని గురించి ఇంతకంటే చెప్పను. అప్పుడే మింగడం కష్టమైంది.

ఇవన్నీ గడిచినా, వెట్టి పోయినా, బాపు కాళ్ళకు మాత్రం ఆ కబురు అందలేదు. దూరంగా ఏ మోటరు చప్పుడైనా అన్నం ముందు నుంచి లేచేవాడు. కట్టె వెతుక్కునేవాడు. "ఓ నర్సి బాపూ, యాడికి? కూసో! దొర లేడు, ఏం లేడు," అని అమ్మ నా పేరు పెట్టి ఆయనను పిలిచి రెక్క పట్టి గుంజితే, నిద్రలేచినట్టు చూసి, సిగ్గుపడి కూర్చునేవాడు. వాడలో నవ్వేవాళ్ళు. "ఎల్లన్నా, జొన్నల్లో తుమ్మెద మోగినా ఉరుకుతవేందే?" అని పక్కింటాయన ఎగతాళి చేస్తే బాపు కూడా నవ్వి, "నేనుర్కుతలేనే, గీ కాళ్ళు నన్ను గుంజుకపోతున్నయి," అనేవాడు.

పోలీస్ యాక్షన్ అయింది. రజాకార్లు పోయారని ఊరు పండుగ చేసుకుంది, ఉన్నవాళ్ళు బెల్లం పంచారు. మదారు ఏమయ్యాడని అమ్మ పట్నం దిక్కు నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేది. దొర దగ్గర లేడని చెప్పారు. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, ఆ రోజుల్లో గడ్డానికి గోరింటాకు పెట్టుకునే మనిషి ఏమై ఉంటాడో అడగడం అమ్మ కూడా మానేసింది.

తర్వాత మిలట్రీ లారీలు గుట్టల్లో ఉన్న సంఘపోళ్ళను వెతుక్కుంటూ వచ్చాయి. మాది చిన్నాయిన ఇల్లు కాబట్టి మా గుడిసెను రెండుసార్లు సోదా చేశారు. ఊళ్ళో చాటింపు వేయించారు: మిలట్రీ మోటరును చూసి ఉరికినవాణ్ణి సంఘపోడని కాలుస్తారు, ఎక్కడివాడు అక్కడ నిలబడాలి. చాటింపు విన్న అందరికీ భయమైంది. మా అమ్మకు మాత్రం ఒక్క మనిషిని గురించి భయమైంది. పక్క ఊళ్ళో చేలోంచి ఇంటికి ఉరికిన ఒకడిని నిజంగానే కాల్చారని తెలిసిన రోజు, అమ్మ ఆ ఎర్రంచు తువ్వాలను బాపు నడుముకు కట్టి, రెండో కొస నా చేతిలో పెట్టింది.

"బిడ్డా, నేను కూలికి పోతున్న. మోటరు సప్పుడైతే గిది గట్టిగ పట్టుకో. ఇడిస్తివా, నీకు బాపుండడు."

అంత సూటిగా చెప్పింది. అర్థం కాలేదని ఇప్పుడు నేను తప్పించుకోలేను. నేను పట్టుకున్నాను కూడా. మిలట్రీ లారీలు వచ్చిన మూడుసార్లు, బాపు కాళ్ళు ఉరకబోతుంటే, తువ్వాల కొసను రెండు చేతులకూ చుట్టుకొని ఆయన పాదాల మీదే కూర్చున్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "ఎంత బరువున్నవే, బియ్యం బస్త," అనేవాడు. బియ్యం బస్తా మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆ రోజు ఊరి బయట బాట పక్కన ఆముదపు గెలలు ఎండబోసి ఉన్నాయి. బాపు కూర్చొని కట్టెతో కాయలు కొడుతున్నాడు, నేను పక్కన ఏరుతున్నాను, తువ్వాల నా మణికట్టుకు చుట్టుకొని ఉంది. చప్పుడు వినిపించింది. లారీ చప్పుడు కాదు. ఆ చప్పుడు నాకు ఊరందరికంటే ముందు తెలుసు.

కప్పకండ్ల మోటరు! రెండేళ్ళ తర్వాత! గుట్ట మలుపు తిరిగి, ఎర్ర దుమ్ములో, ఆ రెండు కండ్లు మెరుస్తూ వస్తోంది, దాని వెనక మిలట్రీ లారీ. దొర తన ఊరికి తిరిగి వస్తున్నాడు. నాకు అవేవీ తోచలేదు. మంచిగా కనబడాలని లేచి గెలల కుప్ప మీదికి ఎక్కాను. ఎక్కేటప్పుడు అడ్డం వస్తోందని, మణికట్టు మీది తువ్వాల విప్పేశాను.

బాట మీద ఎవరిదో బర్రె అడ్డం ఉంది. కొత్త డ్రైవరుకు పొట్టి మోతలూ పొడుగు మోతలూ ఏమి తెలుసు? బర్రె జరిగిందాకా హారను మీద చెయ్యి తీయలేదు. అది పొడుగు మోత.

బాపు లేచాడు. కాయలు కొట్టే కట్టె చేతిలోనే ఉంది. "జరుగున్రి, జరుగున్రి, దొర మోటరొస్తాంది," అని ఒర్రుతూ, ఎప్పటి లెక్కనే, మోటరుకు ముందు, ఊరి దిక్కు ఉరికాడు. తువ్వాల కొస ఆయన వెనక దుమ్ములో కొట్టుకుంటూ పోయింది. లారీలోంచి ఏదో అరిచారు, హారను మోతలో వినిపించలేదు. తుపాకీ చప్పుడు మాత్రం వినిపించింది. బాపు బాటకు అడ్డం పడలేదు. పక్కకు పడ్డాడు, మోటరుకు దారి ఇచ్చి.

దొర ఒక్క మాట చెబితే అయిపోయేది. ఉరికేవాడు మా మనిషి, అది వాని పని, అని. ఆయన పగతో ఊరుకున్నాడని చాలాకాలం అనుకున్నాను. పెద్దయ్యాక అట్లా అనిపించడం లేదు. మోటరు ముందర మనిషి ఉరకడం ఆయన కంటికి వింతగా తోచి ఉండదు. ఎప్పుడూ చూసేదే కదా, చెప్పడానికి ఏముంది?

అమ్మకు నేను నిజం చెప్పాను. ఆమె కొట్టలేదు. "పట్టుకున్నా ఆగకపోతుండే బిడ్డా, గా కాళ్ళు గసొంటియి," అంది, ఆ రోజూ, తర్వాత చాలా ఏళ్ళు కూడా. నేను చదువుకొని పంతులమ్మనై ముప్పై ఏళ్ళు పిల్లలను కదలకుండా కూర్చోబెట్టే ఉద్యోగం చేశాను. ఆ విద్యలో నాకంత పేరు ఎందుకొచ్చిందో హెడ్మాస్టర్లకు తెలియదు.

"అమ్మమ్మా, జర చున్నీ ఇడువు. నేను పోవాలె, నా మలుపు కాడ నిలబడాలె," అంది శ్రావణి. ఆ పందెంలో పిల్లకు అప్పగించిన పని అదే. మలుపు దగ్గర పసుపు జెండా పట్టుకొని నిలబడాలి. మోటర్లు ఎంత దగ్గరికి వచ్చినా కదలకూడదు, ఉరకకూడదు. ఉరికితే ప్రమాదమని నెల రోజులు నేర్పారట. ఆ మాట విని నాకు నవ్వొచ్చింది, పిల్లకు కారణం చెప్పలేదు. చున్నీ కొస నా మణికట్టుకు రెండు చుట్లు తిరిగి ఉంది. ఒక్కొక్క చుట్టే విప్పాను. చాలాసేపు పట్టింది.

ఇప్పుడు మా ఊరి చెలకల్లో ఆముదం వేయరు, అంతా పత్తి. గడి కూలి దాని రాళ్ళు ఎవరెవరి ఇళ్ళ పునాదుల్లోనో కలిశాయి. ఆ ఎర్రంచు తువ్వాల కొంతకాలం అమ్మ పెట్టెలో ఉండేది. కప్పకండ్ల మోటరు ఎవరు కొన్నారో తెలియదు. ఆ వరుసలో ఉబ్బుకండ్ల నల్ల మోటరొకటి నిలబడి ఉంది గాని, అది అదే అని నేను చెప్పలేను. దాని పక్కన బోర్డు మీద ఎన్ని గుర్రాల బలమో రాసి ఉంది. మనుషుల సంగతి రాయలేదు.

మోటర్లు కదిలాయి. ఆ నల్లది మలుపు దగ్గరికి వస్తూ, జనం సంబరానికి, తన పాత హారను ఒక్కటే పొడుగ్గా మోగించింది. నేను జాలీ పట్టుకొని శ్రావణి కాళ్ళనే చూశాను. ఆముదం పొగ వాటిని కమ్మింది, మళ్ళీ విడిపోయింది.

పిల్ల కదలలేదు.